బ్యాకప్ ఉంది సరే, షట్టరు మళ్ళీ తెరవగలమా?

విశాఖపట్నం కంచరపాలెం పారిశ్రామిక వాడలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు, మెయిన్ రోడ్డు మీద ఒక మందుల హోల్‌సేల్ దుకాణం, పోర్టు సరుకు మోసే లారీలను నడిపే ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసు. మూడింటికీ బేరం వేరు, ఖాతాదారులు వేరు. ప్రాణం మాత్రం మూడింటికీ బల్ల కింద సీపీయూలోనే ఉంది. ఎవరి బాకీ ఎంత, ఏ బిల్లు మీద ఎంత జీఎస్టీ కట్టాం, ఏ బ్యాచ్ మందుకు గడువు ఎప్పుడు తీరుతుంది, ఏ డ్రైవరుకు ఎంత అడ్వాన్సు ఇచ్చాం, ఏ పార్టీకి ఏ డ్రాయింగు ప్రకారం పని చేసి ఇవ్వాలి, అంతా అందులోనే. చిట్టా, ఆవర్జా పుస్తకాలు రాసిన రోజుల్లో లెక్కలు పోవాలంటే దొంగ గోడ దూకాలి, లేదా షాపుకు నిప్పంటుకోవాలి. ఇప్పుడు ఏ దేశంలోనో కూర్చున్న ముఠా ఒక్క రాత్రిలో ఆ ఫైళ్లన్నిటికీ తాళం వేసి, తెల్లారేసరికి తెర మీద డబ్బు కట్టమని నోటీసు పెట్టి పోగలదు. రాన్సమ్‌వేర్ అంటే ఇదే.

దీనికి విరుగుడు ఏమిటని ఎవరిని అడిగినా ఒకటే మాట చెబుతారు: బ్యాకప్ పెట్టుకోండి. ఆ మాట నిజమే గానీ అక్కడితో ఆగిపోతే ప్రమాదం. గత పదేళ్ల దాడులను వరసగా చూస్తే, బ్యాకప్ ఉన్న సంస్థలు కూడా చాలా దెబ్బతిన్నాయి. నిలదొక్కుకున్నవి రెండు పనులు చేసినవి. ఒకటి, దొంగ చెయ్యి అందని చోట ఒక కాపీ ఉంచాయి. రెండు, ఆ కాపీతో వ్యాపారం మళ్ళీ నడుస్తుందని ముందే చేసి చూసుకున్నాయి. ఈ రెంటిలో ఏది లోపించినా మిగిలిన ఖర్చంతా వృథా. మన చుట్టూ జరిగినవి, లోకంలో జరిగినవి కలిపి చూస్తూ ఈ విషయాన్ని నిలబెట్టడమే ఈ సమీక్ష ఉద్దేశం.

మన గడప దాకా వచ్చిన దాడులు

ఈ దోపిడీ కొత్తదేమీ కాదు. 1989లోనే ఎయిడ్స్ వ్యాధి సమాచారం పేరుతో సుమారు 20,000 ఫ్లాపీ డిస్కులు పోస్టులో వెళ్లాయి. వాటిని వాడిన కంప్యూటర్లలో ఫైళ్ల పేర్లు చదవడానికి వీల్లేకుండా మారిపోయాయి, 189 డాలర్లు పనామాలోని ఒక పోస్టు బాక్సుకు పంపమని నోటీసు వచ్చింది. డబ్బు వసూలు కష్టం కావడంతో ఆ దారి చాలాకాలం పెద్దగా పెరగలేదు. బిట్‌కాయిన్ వచ్చాక ఆ అడ్డు తొలగింది.

తెలుగునేలకు ఆ సెగ బాహాటంగా తగిలింది 2017 మే 12న. వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఆ రోజు సుమారు 150 దేశాలకు పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. నేరం నమోదు చేయాల్సిన చోటే నేరం జరిగింది. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. రెండు నెలల పాటు ఎవరూ దాన్ని వేసుకోని యంత్రాలే దొరికిపోయాయి.

2019 ఏప్రిల్ ఆఖరులో ఆంధ్ర, తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ దెబ్బకు మూతపడ్డాయి. ఆన్‌లైన్‌లో కరెంటు బిల్లు కట్టేవాళ్లకు ఇబ్బంది అయింది గానీ, సమాచారానికి వేరేచోట బ్యాకప్ ఉండటంతో నష్టం అక్కడితో ఆగింది. 2020 అక్టోబరు 22న హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ తన డేటా సెంటర్ల సేవలన్నిటినీ నెట్‌వర్క్ నుంచి వేరు చేసింది. రష్యా టీకా స్పుత్నిక్-వి పరీక్షలకు దేశంలో అనుమతి వచ్చిన కొద్ది రోజులకే అది జరిగింది. అది రాన్సమ్‌వేర్ దాడేనని కంపెనీ తర్వాత ధ్రువీకరించింది. 2023 మేలో, విశాఖలోనూ యూనిట్లున్న గ్రాన్యూల్స్ ఇండియా మీద దాడి జరిగింది. దానివల్ల ఆదాయమూ లాభమూ గణనీయంగా దెబ్బతిన్నాయని ఆ కంపెనీయే స్టాక్ ఎక్స్చేంజీలకు తెలిపింది. మందుల కంపెనీలో నాణ్యత పరీక్షల రికార్డు లేనిదే ఒక్క డబ్బా కూడా గేటు దాటదు. యంత్రాలు తిరుగుతున్నా కాగితం లేకపోతే సరుకు కదలదు.

మనకు సంబంధం లేదనుకున్నవి కూడా మనల్ని తాకుతాయి. 2024 జూలై ఆఖరులో సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ అనే సంస్థ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. సహకార బ్యాంకులకూ గ్రామీణ బ్యాంకులకూ సాంకేతిక సేవలందించే సంస్థ అది. ముందు జాగ్రత్తగా దాన్ని చెల్లింపుల వ్యవస్థ నుంచి తప్పించడంతో దేశంలో 300 దాకా చిన్న బ్యాంకుల ఖాతాదారులకు యూపీఐ, ఏటీఎం సేవలు ఒకరోజు పైచిలుకు ఆగాయి. ఆ బ్యాంకుల తప్పేమీ లేదు. వాళ్లు నమ్ముకున్న చోట తలుపు తెరిచి ఉంది.

లోపలికి వచ్చే దారులు

చిన్న వ్యాపారుల్లో పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది: మన దగ్గర ఏముందని వస్తారు? ఈ ముఠాలు ముందుగా వ్యాపారాన్ని చూసి రావు, తెరిచి ఉన్న తలుపును చూసి వస్తాయి. ఇంటర్నెట్ మొత్తాన్నీ జల్లెడ పట్టే ప్రోగ్రాములు రాత్రింబగళ్లు నడుస్తూనే ఉంటాయి. వాటికి ఉక్కు కర్మాగారమూ, పక్కవీధి స్పేర్‌పార్ట్స్ షాపూ ఒకటే.

మన దగ్గర ఎక్కువగా కనిపించే దారులు నాలుగు. మొదటిది రిమోట్ డెస్క్‌టాప్. ఇంటి నుంచి టాలీ చూసుకోవాలనో, ఆడిటర్ గారు ఆఫీసు నుంచే ఎంట్రీలు సరిచేస్తారనో సర్వర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచిపెడతారు. పాస్‌వర్డ్ షాపు పేరూ, వెనక 123. దాన్ని పట్టుకోవడానికి ప్రోగ్రాముకు ఎక్కువసేపు పట్టదు. రెండోది మెయిలు. కొటేషన్, కొరియర్ రశీదు, జీఎస్టీ నోటీసు వేషంలో ఒక ఫైలు వస్తుంది, హడావిడిలో అకౌంటెంట్ నొక్కేస్తారు. మూడోది క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్. డబ్బు కట్టకుండా దొరికిన డిజైనింగు ప్యాకేజీతో పాటు రాన్సమ్‌వేర్ కూడా దిగుతుంది. స్టాప్ అనే ఒక పెద్ద రాన్సమ్‌వేర్ కుటుంబం ప్రధానంగా ఇలాగే పాకింది. నాలుగోది కాలం చెల్లిన విండోస్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అయినా ఎన్నో కౌంటర్ల మీద అదే నడుస్తోంది.

లోపలికి వచ్చిన మనిషి వెంటనే తాళం వేయడు. ముందు తిరిగి చూస్తాడు. అడ్మిన్ పాస్‌వర్డ్ సంపాదిస్తాడు, బ్యాకప్ ఎక్కడ పడుతోందో కనిపెడతాడు, దాన్ని చెరిపేస్తాడు. విండోస్ తనంతట తాను దాచే పాత ప్రతులను ఒక్క కమాండుతో తుడిచేస్తాడు. ఆ తర్వాతే, ఎక్కువగా రాత్రిపూటో సెలవు రోజునో, అసలు పని మొదలుపెడతాడు. భద్రతా సంస్థ సోఫోస్ 2024లో ప్రకటించిన సర్వే ప్రకారం, దెబ్బతిన్న సంస్థల్లో 94 శాతం తమ బ్యాకప్ మీద కూడా దాడి జరిగిందని చెప్పాయి. ఆ ప్రయత్నాల్లో 57 శాతం ఫలించాయి. అంటే దొంగ మొదట వెతికేది మన బ్యాకప్‌నే. మనం దాన్ని ఎక్కడ పెట్టాలన్నది అక్కడే తేలిపోతుంది.

ఏ బ్యాకప్ ఎంతవరకు కాస్తుంది

బ్యాకప్ అనే పేరుతో మన ఆఫీసుల్లో నడిచేవన్నీ ఒకటి కావు. ఒక్కోదానికి ఒక్కో హద్దుంది.

సర్వర్లో రెండు హార్డ్ డిస్కులు పెట్టి రెంటిలోనూ ఒకే సమాచారం రాసే పద్ధతిని చాలామంది బ్యాకప్ అనుకుంటారు. ఒక డిస్కు చెడిపోతే అది ఆదుకుంటుంది. రాన్సమ్‌వేర్ వస్తే రెండు డిస్కుల మీదా ఒకేసారి తాళం పడుతుంది.

ఎప్పుడూ యూఎస్‌బీకి తగిలించి ఉండే హార్డ్ డిస్కుదీ అదే గతి. కంప్యూటరుకు కనిపించే ప్రతిదీ దొంగకూ కనిపిస్తుంది. అదే డిస్కును సాయంత్రం కాపీ అయ్యాక ఊడదీసి బీరువాలో పెడితే దాని విలువ పూర్తిగా మారిపోతుంది. రెండు డిస్కులు కొని రోజు మార్చి రోజు వాడితే, ఒకటి తగిలించి ఉన్న క్షణంలో దాడి జరిగినా రెండోది మిగులుతుంది. చిన్న షాపుకు ఇంతకన్నా చవకైన రక్షణ లేదు.

నెట్‌వర్క్‌లో పెట్టే స్టోరేజి పెట్టె, అంటే న్యాస్, మధ్యస్థాయి ఆఫీసుల్లో బాగా పెరిగింది. దానికీ సర్వర్‌కూ ఒకే పాస్‌వర్డ్ ఉంటే, ఇనప్పెట్టె తాళంచెవిని ఆ పెట్టె మీదే వదిలినట్టు. దాన్ని నేరుగా ఇంటర్నెట్‌కు తెరిస్తే మరీ ప్రమాదం. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే ముఠా ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న క్యూనాప్ పెట్టెలనే వెతికి తాళం వేసి, ఒక్కోదానికి 0.03 బిట్‌కాయిన్ అడిగింది.

గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ వంటివి మన ఫోల్డర్‌ను క్లౌడ్‌తో సరిపోల్చుతూ ఉంటాయి. ఇక్కడ ఫైలు చెడితే అక్కడా చెడుతుంది. ఊరట ఏమిటంటే పాత ప్రతులు కొంతకాలం ఉంటాయి. మైక్రోసాఫ్ట్ 365లో వన్‌డ్రైవ్ మొత్తాన్ని గత 30 రోజుల్లోని ఏదో ఒక సమయానికి వెనక్కి తిప్పవచ్చు. ఆ గడువు దాటాక గమనిస్తే చేసేదేమీ లేదు.

అసలైన క్లౌడ్ బ్యాకప్ వీటికన్నా మెరుగు. దాన్ని కూడా కళ్లు మూసుకుని నమ్మడానికి లేదు. డెన్మార్క్‌లో క్లౌడ్‌నార్డిక్ అనే సంస్థ 2023 ఆగస్టులో ఖాతాదారుల సమాచారంలో అత్యధిక భాగాన్ని బ్యాకప్‌లతో సహా పోగొట్టుకుంది. సర్వర్లను ఒక డేటా సెంటర్ నుంచి మరోదానికి మార్చే సమయంలో, అప్పటికే అంటుపడిన యంత్రాలను లోపలి నెట్‌వర్క్‌కు కలపడంతో దొంగలకు బ్యాకప్ వ్యవస్థ దాకా దారి దొరికింది. క్లౌడ్ అంటే ఇంకొకరి కంప్యూటరే. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ కడతామని ప్రకటించింది. ఊళ్లో ఎంత పెద్ద డేటా సెంటర్ వెలిసినా, మన లెక్కల కాపీ మన బాధ్యతే.

అన్నిటికన్నా గట్టిది, రాసిన తర్వాత నిర్ణీత గడువు దాకా ఎవరూ చెరపలేని కాపీ. అడ్మిన్ పాస్‌వర్డ్ దొంగ చేతికి చిక్కినా, గడువు తీరేదాకా ఆ కాపీ కదలదు. పెద్ద క్లౌడ్ సంస్థలన్నీ ఇప్పుడు ఈ సదుపాయం ఇస్తున్నాయి. పెద్ద పరిశ్రమలు, బ్యాంకులు ఇదే పని మ్యాగ్నెటిక్ టేపులతో కూడా చేస్తాయి. అల్మరాలో ఉన్న టేపును ఏ నెట్‌వర్కూ చేరలేదు.

ఇవన్నీ కలిపి పాటించడానికి వాడుకలో ఉన్న సూత్రం 3-2-1. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ తన చిత్రాలను కాపాడుకునే దారి చెబుతూ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. సమాచారం మూడు ప్రతుల్లో ఉండాలి, రెండు రకాల మాధ్యమాల మీద ఉండాలి, ఒక ప్రతి వేరే చోట ఉండాలి. రాన్సమ్‌వేర్ కాలం దీనికి మరో రెండు అంకెలు చేర్చింది: నెట్‌వర్క్‌కు అందని ప్రతి ఒకటి, సరిచూసినప్పుడు దొరికే తప్పులు సున్నా. ఆఖరి సున్నాను చాలామంది మరిచిపోతారు. అసలు పట్టు అక్కడే ఉంది.

వేరే చోట అన్న షరతు విలువ విశాఖకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ నగరం మీదుగా తీరం దాటినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. ఆఫీసు కంచరపాలెంలో, బ్యాకప్ యజమాని ఇంట్లో మురళీనగర్‌లో ఉంటే రాన్సమ్‌వేర్ నుంచి అది కాపాడవచ్చు, అలాంటి తుఫాను నుంచి కాపాడుతుందన్న భరోసా లేదు. దక్షిణ కొరియాలో 2025 సెప్టెంబరు 26న డేజాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటరుకు నిప్పంటుకుంది. ఉద్యోగుల ఫైళ్లు దాచిన జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు బూడిదయ్యాయి, ఎందుకంటే దాని కాపీ బయట ఎక్కడా లేదు. దొంగైనా, గాలివానైనా, నిప్పైనా, మన ఏర్పాటును పరీక్షించే ప్రశ్న ఒకటే: ఒకే దెబ్బకు రెండు ప్రతులూ పోతాయా?

కాపీ నుంచి కౌంటర్ దాకా

బ్యాకప్ సురక్షితంగా ఉందనుకుందాం. అక్కడి నుంచి షాపు తెరవడం వేరే పని. దానికి రెండు నిర్ణయాలు ముందే కావాలి. ఎంత పని మళ్ళీ చేసుకోవడానికి సిద్ధంగా ఉన్నాం? ఎన్ని గంటల్లో మళ్ళీ తెరవాలి? రోజుకు ఇరవై బిల్లులు రాసే ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఒక రోజు ఎంట్రీలు పోయినా చలాన్లు చూసి తిరిగి కొట్టుకోగలదు, రెండు రోజులు ఆగినా బతుకుతుంది. గంటకు వందల బిల్లులు కొట్టే మందుల హోల్‌సేలరుకు అది కుదరదు. ఓడ రేవులో ఉండగా కస్టమ్స్ పత్రాలు దాఖలు చేయాల్సిన ఏజెంటుకు సగం రోజు ఆలస్యం కూడా డెమరేజి రూపంలో వచ్చి పడుతుంది. ఎవరి జవాబును బట్టి వాళ్ల ఖర్చు. అందరికీ ఒకే ప్యాకేజీ అంటగట్టే అమ్మకందారును ముందు ఈ రెండు ప్రశ్నలే అడగాలి.

రెండో ప్రశ్నలో దాగిన లెక్క ఒకటుంది. క్లౌడ్‌లో 500 జీబీ బ్యాకప్ ఉందనుకోండి. ఆఫీసులో నికరంగా సెకనుకు 50 మెగాబిట్ల వేగం అందే ఇంటర్నెట్ ఉంటే, ఆ ఫైళ్లు దిగడానికే 22 గంటలు పైచిలుకు పడుతుంది. ఆ తర్వాత విండోస్ కొత్తగా వేయాలి, సాఫ్ట్‌వేర్లు వేయాలి, లైసెన్సు కీలు వెతకాలి, డిజిటల్ సంతకం టోకెన్ పనిచేయించాలి. ఫైళ్లు దాచి, లైసెన్సు వివరాలూ పాస్‌వర్డులూ ఆ పాడైన సీపీయూలోనే వదిలేసిన వాళ్లు ఎందరో. వాటిని కాగితం మీద రాసి బీరువాలో పెట్టడం కూడా కోలుకునే ఏర్పాటులో భాగమే.

ఈ విషయంలో రేవు ఊరు తప్పక చదవాల్సిన పాఠం మెర్స్క్‌ది. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే విధ్వంసక ప్రోగ్రాము ఆ ఓడల కంపెనీని కుదిపేసింది. ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో దాని టెర్మినల్‌లోనూ పని ఆగింది. తర్వాత పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు, 2,500 అప్లికేషన్లు మళ్ళీ కట్టుకున్నామని కంపెనీ ఛైర్మన్ 2018 జనవరిలో దావోస్‌లో చెప్పారు. నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్లు. విడివిడి సర్వర్లకు బ్యాకప్‌లున్నాయి గానీ, ఎవరికి ఏ అనుమతి ఉందో చెప్పే మూల డైరెక్టరీకి లేదు. దాన్ని మోసే సర్వర్లు ఒకదానికొకటి కాపీ ఇచ్చుకుంటాయి కాబట్టి చాలనుకున్నారు. అన్నీ ఒకేసారి పోయాయి. ఘనాలోని ఆఫీసులో కరెంటు పోయి ఆ సమయానికి నెట్‌వర్క్‌లో లేని ఒక్క సర్వరు మిగిలింది. దాన్ని మనిషి చేత బ్రిటన్‌కు మోయించి, అక్కడి నుంచి మొదలుపెట్టారు. మెర్స్క్‌ను కాపాడింది అదృష్టం. మన వ్యాపారాన్ని అదృష్టానికి వదలక్కర్లేదు, నెట్‌వర్క్‌లో లేని ఆ ఒక్క ప్రతిని మనమే కావాలని ఉంచుకోవచ్చు.

లోహపు పని చేసే ఊరికి ఇంకా దగ్గరి పాఠం నార్వే అల్యూమినియం సంస్థ నార్స్క్ హైడ్రోది. 2019 మార్చిలో దాడి జరిగిన వెంటనే వాళ్లు డబ్బు కట్టేది లేదని ప్రకటించారు. కంప్యూటర్లు ఆపి, కొన్ని ప్లాంట్లలో కాగితం, పెన్నుతో పని నడిపారు. పాత పద్ధతులు గుర్తున్న కార్మికుల అనుభవం ఆ రోజుల్లో వాళ్లకు ఆసరా అయింది. జరిగినదంతా దాచకుండా లోకానికి చెప్పారు. తర్వాత బ్యాకప్‌ల నుంచి కోలుకున్నారు. ఖర్చు సుమారు 7 కోట్ల డాలర్లు తేలింది, అయినా ప్లాంట్లు పూర్తిగా చేతులెత్తేయలేదు. కంప్యూటరు లేకుండా రెండు రోజులు బిల్లు ఎలా రాయాలి, కాటా చీటీ ఎలా దాచాలి, బాకీ ఎక్కడ రాయాలి అన్నది మన షెడ్లలోనూ ముందే అనుకుని ఉండాలి. ముద్రించిన బిల్లు పుస్తకం ఒకటి బీరువాలో ఉండటం చాదస్తం కాదు.

ఢిల్లీ ఎయిమ్స్ అనుభవంలో రెండు వైపులా పాఠముంది. 2022 నవంబరు 23న అక్కడి ఐదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి తాళం పడింది. ఈ-హాస్పిటల్ సమాచారం మొత్తం దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ నుంచి తిరిగి వచ్చింది. అయినా సేవలు చాలావరకు కుదుటపడటానికి రెండు వారాలు పట్టింది. అన్ని రోజులూ రోగుల వరసలు చేతి రాతతోనే నడిచాయి. సమాచారం దొరికినా కొత్త సర్వర్లు, శుభ్రమైన నెట్‌వర్కు, ఒక్కో కంప్యూటరూ పరీక్షించడం అంత సమయం తింటాయి. అంటుకున్న యంత్రంలోకే బ్యాకప్ తిరిగి పోస్తే, లోపల దాగిన దొంగ మర్నాడు మళ్ళీ తాళం వేస్తాడు.

డబ్బు కట్టేస్తే పోదా?

తెర మీద నోటీసు చూసిన యజమానికి మొదట తట్టే ప్రశ్న ఇదే. జీతాలివ్వాలి, సరుకు పంపాలి, రిటర్ను వేయాలి. ఆ బాధలో ఉన్న మనిషిని తప్పుపట్టడం సులువు. అందుకే అనుభవాలను నిజాయితీగా చూడాలి.

అమెరికాలో కొలోనియల్ పైప్‌లైన్ 2021 మేలో 75 బిట్‌కాయిన్లు, అప్పటి విలువలో 44 లక్షల డాలర్లు కట్టింది. దొంగలిచ్చిన తాళంచెవి మరీ నెమ్మదిగా పనిచేయడంతో చివరకు సొంత బ్యాకప్‌ల మీదే ఆధారపడాల్సి వచ్చింది. నాట్‌పెట్యా విషయంలోనైతే డబ్బు కట్టినా ఫైళ్లు తెరిచే దారే లేదు. మరోవైపు బాల్టిమోర్ నగరం 2019 మేలో 13 బిట్‌కాయిన్లు కట్టనంది. కోలుకోవడానికీ ఆగిపోయిన ఆదాయానికీ కలిపి దానికి 1.8 కోట్ల డాలర్ల భారం పడింది. కొంత సమాచారం కంప్యూటర్ల డిస్కుల్లోనే ఉండి, కాపీ లేక పూర్తిగా పోయిందని ఆ నగర ఆడిటర్ తేల్చారు. కట్టకపోవడం ఉచితం కాదు. కట్టడం పరిష్కారమూ కాదు. కట్టిన ప్రతి రూపాయీ మరో వీధిలో మరో షాపు మీద దాడికి పెట్టుబడి అవుతుంది.

కట్టే ముందు చూడాల్సిన చోటు ఒకటుంది. 2016 జూలైలో నెదర్లాండ్స్ పోలీసులు, యూరోపోల్, కాస్పర్‌స్కీ, ఇంటెల్ సెక్యూరిటీ కలిసి నో మోర్ రాన్సమ్ అనే ఉచిత సేవ మొదలుపెట్టారు. కొన్ని రాన్సమ్‌వేర్ రకాలకు తాళంచెవులు అక్కడ దొరుకుతాయి. కాబట్టి తాళం పడిన డిస్కును పారేయకూడదు, ఫార్మాట్ చేయకూడదు. ఇవాళ లేని తాళంచెవి కొన్ని నెలల తర్వాత రావచ్చు.

చట్టం చెప్పేది

బ్యాకప్ ఇప్పుడు మన ఇష్టాయిష్టాల విషయంగా మిగలలేదు. కంపెనీగా నమోదైన ప్రతి సంస్థా ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న లెక్కల పుస్తకాల బ్యాకప్‌ను రోజూ భారతదేశంలోనే ఉన్న సర్వర్లో ఉంచాలని 2022 ఆగస్టులో సవరించిన కంపెనీల అకౌంట్ల నియమాలు చెబుతున్నాయి. అంతకుముందు ఎప్పటికప్పుడు అని మాత్రమే ఉండేది. జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు భద్రపరచాలి. రాన్సమ్‌వేర్ వచ్చి పోయాయన్న జవాబు తనిఖీకి వచ్చిన అధికారి ముందు బలంగా నిలవదు.

దాడి సంగతి దాచడమూ కుదరదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటనను గమనించిన 6 గంటల్లో దానికి తెలియజేయాలి. పోలీసు ఫిర్యాదుకు 1930 నంబరు ఉంది. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడి దశలవారీగా అమలుకు వస్తున్నాయి. ఖాతాదారుల సమాచారానికి తగిన రక్షణ కల్పించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. క్లినిక్కులు, డయాగ్నస్టిక్ సెంటర్లు, కోచింగ్ సంస్థలు దీన్ని ప్రత్యేకంగా గమనించాలి.

బ్యాకప్ తీర్చలేని బాధ

ఇంతవరకు చెప్పినదానికి ఒక హద్దుంది. ఇప్పటి ముఠాల్లో చాలావరకు తాళం వేసే ముందే సమాచారాన్ని ఎత్తుకుపోతున్నాయి. డబ్బు కట్టకపోతే బయటపెడతామంటాయి. రోగుల రిపోర్టులు, ఉద్యోగుల ఆధార్ కాపీలు, పార్టీలిచ్చిన డ్రాయింగులు ఒకసారి బయటికి పోతే ఏ బ్యాకప్పూ వాటిని వెనక్కి తేలేదు. దీనికి విరుగుడు ముందు మెట్లలోనే ఉంది: అక్కర్లేని సమాచారం దాచకపోవడం, రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకపోవడం, మెయిలుకూ బ్యాంకుకూ రెండంచెల తనిఖీ పెట్టడం, అప్‌డేట్లు వాయిదా వేయకపోవడం, బిల్లు కొట్టే అమ్మాయికి అడ్మిన్ హక్కులు ఇవ్వకపోవడం. బ్యాకప్ చివరి కోట. దాని ముందు గోడలు లేకుండా వదిలేయకూడదు.

ఖర్చు చిక్కు కూడా నిజమైనదే. ఐదుగురు పనిచేసే షాపు భద్రతా నిపుణుణ్ని పెట్టుకోలేదు. హార్డ్‌వేర్ బాగుచేసే కుర్రాడే వాళ్లకు అన్నీ. అతనికి ఈ విద్య నేర్పే ఏర్పాటు మనకు లేదు. ఇక్కడే కంచరపాలేనికి ఉన్న బలం గుర్తుచేసుకోవాలి. ప్రభుత్వ పాలిటెక్నిక్, ఐటీఐ ఇక్కడే ఉన్నాయి. కంప్యూటర్ కోర్సు చదివే పిల్లలకు బ్యాకప్ నుంచి ఒక యంత్రాన్ని మొదటి నుంచి కట్టడం ప్రాక్టికల్ పరీక్షగా పెడితే, రెండేళ్లలో ఈ వీధులకు సరిపడా పనిమంతులు తయారవుతారు. వర్తక సంఘాలు, పారిశ్రామిక వాడ సంఘాలు కలిసి ఏటా ఒక రోజు సభ్యులందరి చేతా ఆ పరీక్ష చేయించవచ్చు. అగ్నిమాపక విన్యాసాలు ఫ్యాక్టరీల్లో ఎప్పటి నుంచో ఉన్నాయి, ఇదీ అదే వరసలోది.

ఆ పరీక్షకు పెద్ద సరంజామా అక్కర్లేదు. ఒక ఆదివారం, ఆఫీసులో వాడని ఒక పాత కంప్యూటరు తీసుకోవాలి. దాన్ని నెట్‌వర్క్‌కు కలపకుండా, బీరువాలోని డిస్కు నుంచి నిన్నటి టాలీ డేటా అందులో వేయాలి. నిన్నటి ఆఖరి బిల్లు నంబరు కనిపిస్తోందా? క్యాష్ బుక్ ముగింపు నిల్వ సరిపోయిందా? పూర్తిగా తెరుచుకోవడానికి ఎన్ని గంటలు పట్టింది? ఏ పాస్‌వర్డు దొరకలేదు? జవాబులు ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, యజమాని సంతకం పెట్టాలి. మొదటిసారి ఏదో ఒకటి తప్పకుండా తేడా వస్తుంది. దాడి జరిగిన రోజున కాకుండా సెలవు రోజున వచ్చిన తేడా అది, సరిచేసుకునే వ్యవధి ఉంటుంది.

రాన్సమ్‌వేర్ ముఠాలు ఆగవు. విండోస్ లోపాలు ఆగవు. తుఫాన్లు ఆగవు. మన చేతిలో ఉన్నది ఒక విడదీసిన డిస్కు, ఒక దూరపు ప్రతి, ఏడాదికి కనీసం రెండుసార్లు ఆ ఆదివారపు పరీక్ష. ఆర్థిక సంవత్సరం లెక్కలు మార్చి 31న మూసే ముందు ఒకసారి, తుఫాన్ల కాలం మొదలయ్యే అక్టోబరుకు ముందు ఒకసారి దాన్ని పెట్టుకోండి. సంతకం పెట్టిన ఆ కాగితం చేతిలో ఉన్న యజమాని మాత్రమే తనకు బ్యాకప్ ఉందని ధైర్యంగా చెప్పుకోగలడు.